తిరువనంతపురం 13 నాటకాలూ భాసుడివేనా? కర్తృత్వ పరిశీలన: ఒక కేస్ స్టడీ

సంస్కృతం చదువుకున్న తెలుగువాళ్ళకి స్వప్నవాసవదత్తం భాసుడిది అన్నది చిన్నప్పుడే ఒంటబట్టిన విషయం. ఊరుభంగం, కర్ణభారం, మధ్యమవ్యాయోగం కూడా అదే ఖాతాలో పడతాయి. పాఠ్యపుస్తకం అట్ట మీద పేరు ఉంటుంది, పీఠికలో కాలం ఉంటుంది, పరీక్షలో ప్రశ్న వస్తుంది. అయితే ఈ నాటకాల తాళపత్ర ప్రతుల్లో భాసుడి పేరు ఒక్కచోట కూడా లేదు. ప్రస్తావనలో (నాటకం మొదట్లో వచ్చే పరిచయంలో) లేదు, చివరి సమాప్తి వాక్యంలోనూ లేదు. అట్ట మీది పేరు 1912లో సంపాదకుడు చేసిన నిర్ధారణ. ఆ నిర్ధారణ ఎలా జరిగింది, అందులో ఏ మెట్టు గట్టిది, ఏ మెట్టు పుచ్చిపోయింది అన్నదే ఇక్కడి విషయం. కర్త పేరు లేని పాత గ్రంథాన్ని పరిష్కరించాల్సిన ఎవరికైనా ఇంతకంటే మంచి పాఠం మన దేశంలో మరొకటి లేదని నా నమ్మకం.

దొరికిన సరుకు

1909లో తిరువాన్కూరు సంస్థానంలో సంస్కృత గ్రంథాల ప్రచురణ చూస్తున్న టి. గణపతిశాస్త్రికి పద్మనాభపురం దగ్గరి మణలిక్కర మఠంలో ఒక తాటాకు కట్ట దొరికింది. 105 ఆకులు, ఆకుకి ఒక్కో వైపు పది పంక్తులు, పాత మలయాళ లిపి. వయసు 300 ఏళ్ళ పైనే అని ఆయన అంచనా కట్టారు. అందులో పది రూపకాలు పూర్తిగా ఉన్నాయి: స్వప్నవాసవదత్తం, ప్రతిజ్ఞాయౌగంధరాయణం, పంచరాత్రం, చారుదత్తం, దూతఘటోత్కచం, అవిమారకం, బాలచరితం, మధ్యమవ్యాయోగం, కర్ణభారం, ఊరుభంగం. పదకొండోదైన దూతవాక్యం మొదలై ఆగిపోయింది. తర్వాతి వెతుకులాటలో అభిషేకం, ప్రతిమ దొరికాయి. మొత్తం 13. తిరువనంతపురం సంస్కృత గ్రంథమాలలో 1912 నుంచి ఇవి వరుసగా అచ్చయ్యాయి.

అంతవరకూ భాసుడంటే పేరు మాత్రమే. మాళవికాగ్నిమిత్రం ప్రస్తావనలో కాళిదాసు ‘ప్రథితయశసాం’ అంటూ భాస, సౌమిల్లక, కవిపుత్రుల పేర్లు ఎత్తుకున్నాడు. హర్షచరితం మొదట్లో బాణుడు ఒక శ్లోకంతో భాసుణ్ణి మెచ్చుకున్నాడు. రాజశేఖరుడి పేరుతో జల్హణుడి సూక్తిముక్తావళిలో ఉన్న శ్లోకం అన్నిటికంటే ముఖ్యమైనది:

భాసనాటకచక్రేఽపి ఛేకైః క్షిప్తే పరీక్షితుమ్
స్వప్నవాసవదత్తస్య దాహకోఽభూన్న పావకః

భాసుడి నాటకాలన్నిటినీ పరీక్షకని నిప్పులో వేస్తే స్వప్నవాసవదత్తాన్ని మాత్రం అగ్ని కాల్చలేకపోయింది అని. కర్త పేరు, నాటకం పేరు ఒకే చోట ఉన్నాయి కాబట్టి గణపతిశాస్త్రి వాదానికి ఇదే ఇరుసు. ఆయన తర్కం మూడు మెట్లు. ఈ 13 నాటకాల నిర్మాణం ఒకేలా ఉంది కాబట్టి కర్త ఒక్కడే. వీటిలో స్వప్నవాసవదత్తం ఉంది, అది భాసుడిదని రాజశేఖరుడు చెప్పాడు. కాబట్టి 13 కూడా భాసుడివే.

చూడ్డానికి బిగువుగానే ఉంది. కాని రెండో మెట్టులో ఒక సందు ఉంది: స్వప్నవాసవదత్తం అనే పేరు కలవడం వేరు, ఈ పాఠమే ఆ నాటకం కావడం వేరు. మొదటి మెట్టులో ఉన్నది అంతకంటే పెద్ద సందు.

మొదటి మెట్టు: ఆ ‘ఒకేలా’ అన్నది ఎక్కడ ఉంది?

శాస్త్రి చూపించిన పోలికలు ఇవి. కాళిదాసు నాటకాల అచ్చు ప్రతుల్లో ముందు నాందీ (మొదటి మంగళ) శ్లోకం, ఆ తర్వాత ‘నాంద్యంతే’ (నాందీ ముగిశాక) అన్న సూచన వస్తాయి. ఈ నాటకాల్లో ముందే ‘నాంద్యంతే తతః ప్రవిశతి సూత్రధారః’ అని ఉండి, ఆ తర్వాత శ్లోకం వస్తుంది. ప్రస్తావనని ‘స్థాపన’ అంటారు. అందులో కవి పేరు గాని నాటకం పేరు గాని ఉండవు. సూత్రధారుడు దాదాపు ప్రతి నాటకంలోనూ ఒకే మాట అంటాడు: ‘ఏవమార్యమిశ్రాన్ విజ్ఞాపయామి. అయే, కిం ను ఖలు మయి విజ్ఞాపనవ్యగ్రే శబ్ద ఇవ శ్రూయతే. అంగ పశ్యామి.’ సభవారికి మనవి చేద్దామనుకుంటుంటే ఏదో చప్పుడు వినిపించిందట, చూసొస్తానంటాడు. మొదటి శ్లోకంలోనే పాత్రల పేర్లు పొదిగే ముద్రాలంకారం కొన్నిటిలో ఉంది. స్వప్నవాసవదత్తంలో అది చాలా అందంగా కుదిరింది:

ఉదయనవేందుసవర్ణావాసవదత్తాబలౌ బలస్య త్వామ్
పద్మావతీర్ణపూర్ణౌ వసంతకమ్రౌ భుజౌ పాతామ్

బలరాముడి భుజాలు నిన్ను కాపాడుగాక అన్నది అర్థం. పదాలు విరిచి చూస్తే ఉదయన, వాసవదత్తా, పద్మావతీ, వసంతక అని రాజు, అతని ఇద్దరు రాణులు, విదూషకుడు నలుగురూ కనిపిస్తారు. ఇక భరతవాక్యంలో (నాటకం చివరి మంగళశ్లోకంలో) ‘రాజసింహః ప్రశాస్తు నః’ అన్న పాదం చాలా నాటకాల్లో తిరిగి తిరిగి వస్తుంది.

ఈ పట్టికని ఇంకోసారి చదవండి. దాదాపు అన్నీ నాటకం మొదటి ఆకులో, చివరి ఆకులో ఉన్నవే. ప్రదర్శన కోసం దాచుకున్న ప్రతుల్లో తరచూ మారేవి ఆ రెండు చోట్లే. పూర్వరంగం (నాటకానికి ముందు జరిగే తంతు) ఎలా చెయ్యాలన్నది మేళం ఆచారం, మంగళం ఎవరి పేరున పాడాలన్నది ఆ ఊరి అవసరం. నడిమి అంకాలని అంత తేలిగ్గా ముట్టుకోరు. అంటే కర్త సంతకం కోసం వెతికింది సరిగ్గా ఎక్కువమంది చేతులు పడిన జాగాలోనే.

ఇలాంటప్పుడు చెయ్యాల్సిన పని సరిపోలిక గుంపు తీసుకోవడం. అంటే, కర్త ఎవరో నిస్సందేహంగా తెలిసిన, అదే ప్రాంతంలో, అదే లిపిలో దొరికిన నాటకాలు నాలుగైదు తెచ్చుకుని, మనం ‘సంతకం’ అనుకున్న లక్షణాలు వాటిలో ఉన్నాయో లేవో చూడాలి. 1912లో ఈ పని జరగలేదు. గణపతిశాస్త్రే 1917లో మహేంద్రవర్మ పల్లవుడి మత్తవిలాస ప్రహసనం అచ్చువేశారు. అందులోనూ ‘నాంద్యంతే తతః ప్రవిశతి సూత్రధారః’ అన్న మొదలే ఉంది, ‘స్థాపన’ కూడా ఉంది. కర్త ఏడో శతాబ్దపు కాంచీపుర రాజు. శక్తిభద్రుడి ఆశ్చర్యచూడామణి కేరళ నాటకం. అక్కడా అదే మొదలు. ఇక కాళిదాసు శాకుంతలానికి, హర్షుడి నాగానందానికి మలయాళ లిపిలో ఉన్న ప్రతులు తీసినా సూత్రధారుడు ఇలాగే ప్రవేశిస్తాడు. కాబట్టి ఈ లక్షణం కవిది కాదు, కేరళ ప్రతుల సంప్రదాయానిది. లండన్‌లో ఎల్. డి. బార్నెట్, కేరళలో పిషారటి పండితులు 1920ల్లో ఈ దెబ్బే కొట్టారు. ఈ దెబ్బకి మొదటి మెట్టు సగం కూలింది.

సగమే ఎందుకంటే, సరిపోలిక గుంపుని కూడా నిజాయితీగా చదవాలి. మత్తవిలాసం ప్రస్తావనలో మహేంద్రవర్మ పేరు ఉంది. ఆశ్చర్యచూడామణి సూత్రధారుడు శక్తిభద్రుడి పేరు చెప్తాడు. దక్షిణాది నుంచి నాటకం వచ్చిందంటే ఆకాశం పువ్వు పూసినట్టు, ఇసుక నూనె కార్చినట్టు అని నటి ఆశ్చర్యపోతుంది కూడా. అంటే కేరళ ప్రతులన్నీ కవి పేరు తీసేస్తాయి అనడానికి వీల్లేదు. కవి పేరు లేకపోవడం ఈ 13కి, భగవదజ్జుకం లాంటి మరికొన్నిటికి పరిమితమైన లక్షణం. దానికి కారణం వెతకాలి గాని, కొట్టిపారేస్తే సరిపోదు. కేరళ సంస్కృత నాటక ప్రదర్శన అయిన కూడియాట్టంలో దాన్ని ఆడే చాక్యార్లు నాటకాన్ని మొత్తంగా ఆడరు, ఒక్కో అంకాన్ని విడదీసి రాత్రుల తరబడి ఆడతారు. ప్రతిజ్ఞ మూడో అంకం ‘మంత్రాంకం’గా, అభిషేకం మొదటి అంకం ‘బాలివధం’గా, మూడో అంకం ‘తోరణయుద్ధం’గా వాళ్ళ వాడుకలో ఉన్నాయి. అంకమే ప్రదర్శన అయినప్పుడు కవి పరిచయం అరిగిపోవడం సహజం. ఇది సంభావ్యమైన కారణమే గాని రుజువు కాదు.

బాణుడి శ్లోకం గురించి ఒక మాట. ‘సూత్రధారకృతారంభైర్నాటకైర్బహుభూమికైః, సపతాకైర్యశో లేభే భాసో దేవకులైరివ’ అన్నదాన్ని పట్టుకుని, భాసుడి నాటకాలే సూత్రధారుడితో మొదలవుతాయని బాణుడు చెప్పినట్టు చాలామంది రాస్తారు. శ్లోకం నడిచేది శ్లేష మీద. గుడికి సూత్రధారుడంటే కట్టే స్థపతి, భూమికలంటే అంతస్తులు, పతాకలంటే జెండాలు. నాటకానికి సూత్రధారుడు, పాత్రలు, పతాకా కథలు (ఉపకథలు). ఆ మూడు మాటల్నీ ఎంచినది గుడితో పోలిక. సూత్రధారుడు మొదలుపెట్టని సంస్కృత నాటకం ఏది? భాసుడికి బాణుడి కాలంలో గొప్ప పేరుందనడానికి ఈ శ్లోకం సాక్ష్యం, అంతకు మించి ఇందులోంచి పిండకూడదు.

రాజసింహుడి సంగతీ అంతే. కాంచీపురం రాజసింహ పల్లవుడనీ పాండ్య రాజసింహుడనీ ఊహలు నడిచాయి. ‘ఇమాం సాగరపర్యంతాం హిమవద్వింధ్యకుండలామ్’ అన్న భరతవాక్యం స్వప్నవాసవదత్తం, బాలచరితం, దూతవాక్యం మూడింటిలోనూ ఉంది. ‘భవంత్వరజసో గావః’ అన్న మరో శ్లోకం ప్రతిజ్ఞ, అవిమారకం, అభిషేకాల్లో ఉంది. ఒక నాటకంలోంచి పీకి ఇంకోదానికి తగిలించగల ముక్కలివి. ‘సింహం లాంటి రాజు’ అన్న మామూలు సమాసాన్ని మనిషి పేరుగా తీసుకుని కాలనిర్ణయం చెయ్యడం ఇసుకలో గుంజ పాతడమే.

రెండో మెట్టు: బయటివాళ్ళ సాక్ష్యం

ఇక్కడ పని నెమ్మదిగా, గళ్ళు గీసుకుని చెయ్యాలి. అలంకారికులు (కావ్యశాస్త్రం రాసినవాళ్ళు) ఉదహరించిన ప్రతి వాక్యానికీ నాలుగు గళ్ళు: కర్త పేరు చెప్పాడా, నాటకం పేరు చెప్పాడా, అసలు మాటలు ఇచ్చాడా, ఆ మాటలు మన పాఠంలో ఉన్నాయా. దీనికి తోడు ఉదహరించినవాడి ఊరు, కాలం రాసుకోవాలి. ఊరెందుకంటే, కేరళకి దూరంగా ఉన్నవాడి ప్రతి మన ప్రతులకి సంబంధం లేని ప్రతి అయ్యే అవకాశం ఎక్కువ. అతని సాక్ష్యానికి విలువ ఎక్కువ.

స్వప్నవాసవదత్తానికి ఈ గళ్ళు నింపితే వచ్చేది ఇది. రాజశేఖరుడి శ్లోకం కర్తనీ నాటకాన్నీ చెప్తుంది, అందులో నాటకం మాటలు లేవు. కాశ్మీరంలో 800 ప్రాంతపు వామనుడు ‘కాశపుష్పలవేనేదం సాశ్రుపాతం ముఖం’ అన్న శ్లోకం ఉదహరించాడు. మన నాలుగో అంకంలో రాజు కన్నీళ్ళు దాచుకోవడానికి, రెల్లుపువ్వు నలుసు పడిందని పద్మావతితో బొంకే శ్లోకం అదే. కాని వామనుడు కర్త పేరు, నాటకం పేరు చెప్పలేదు. ధారానగరంలో 11వ శతాబ్దపు భోజుడు నాటకం పేరు చెప్పి, జబ్బుపడ్డ పద్మావతిని చూడ్డానికి రాజు సముద్రగృహానికి వెళ్ళి, ఆమె అక్కడ లేకపోతే ఆ పడక మీదే నిద్రపోయి వాసవదత్తని కలలో చూడడం చెప్పాడు. మన అయిదో అంకానికి అది అచ్చంగా సరిపోతుంది. ఆయనా కర్తని చెప్పలేదు. శారదాతనయుడు ఉదహరించిన ‘చిరప్రసుప్తః కామో మే వీణయా ప్రతిబోధితః’ అన్నది మన ఆరో అంకంలో వాసవదత్త వీణ ఘోషవతి దొరికినప్పటి శ్లోకం. అక్కడా కర్త గడి ఖాళీ.

ఇక గుజరాతులో 12వ శతాబ్దపు రామచంద్ర గుణచంద్రుల నాట్యదర్పణం. ఇందులో మూడు గళ్ళు ఒకేసారి నిండుతాయి. ‘భాసకృతే స్వప్నవాసవదత్తే’ అని పేర్లు రెండూ చెప్పి, పారిజాతపు పొదరింట్లో రాతి అరుగు చూసి వత్సరాజు (ఉదయనుడు) అన్న శ్లోకమంటూ ఇచ్చారు:

పాదాక్రాంతాని పుష్పాణి సోష్మ చేదం శిలాతలమ్
నూనం కాచిదిహాసీనా మాం దృష్ట్వా సహసా గతా

పూలు కాళ్ళ కింద నలిగున్నాయి, రాయి ఇంకా వెచ్చగా ఉంది, ఎవరో ఇక్కడ కూర్చుని నన్ను చూసి చప్పున వెళ్ళిపోయింది. కాని తిరువనంతపురం పాఠంలో ఈ శ్లోకం లేదు! నాలుగో గడి ఖాళీ. ఇంతకుముందు మాటలు దొరికిన చోట కర్త లేడు, కర్త ఉన్నచోట మాటలు లేవు. ఈ వివాదం వందేళ్ళు సాగడానికి అసలు కారణం ఇదే: ముఖ్యమైన ఏ ఒక్క ఉదాహరణలోనూ నాలుగు గళ్ళూ నిండవు.

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. శ్లోకం లేదు కాబట్టి ఇది భాసుడి స్వప్నవాసవదత్తం కాదని తేల్చేస్తారు. లేదన్న మాట దగ్గర ఆగకుండా, ఉంటే ఎక్కడ ఉండాలి అని అడగాలి. నాలుగో అంకం తెరిచి చూడండి. పద్మావతి, మారువేషంలో ఉన్న వాసవదత్త, చెలికత్తె పారిజాతాల దగ్గరి రాతి అరుగు మీద ఉంటారు. రాజు, విదూషకుడు రావడం చూసి పక్కనున్న మాధవీలతల పందిట్లోకి తప్పుకుంటారు. విదూషకుడు వచ్చి, పద్మావతి ఇక్కడికొచ్చి వెళ్ళినట్టుంది అంటాడు. ఎలా తెలుసని రాజు అడిగితే, పూలు కోసేసిన పారిజాతపు గుత్తులు చూపిస్తాడు. రాజు ఆ పూల వన్నెని మెచ్చుకుంటాడు. తర్వాత ఇద్దరూ ఆ రాతి మీదే కూర్చుంటారు.

నాట్యదర్పణం చెప్పిన పారిజాతాలు, రాతి అరుగు, అప్పుడే లేచి తప్పుకున్న స్త్రీ, ఆమె వెళ్ళిందని ఊహించే సంభాషణ, నాలుగూ ఇక్కడ ఉన్నాయి. శ్లోకం దిగాల్సిన గుంట కూడా ఉంది: విదూషకుడు ఆనవాలు చూపించాక, రాజు కూర్చునే ముందు. పైగా మన పాఠంలో ఆ చోట రాజు సమాధానం పలచగా ఉంది. పద్మావతి వెళ్ళిపోయిందా లేదా అన్న ప్రశ్న లేచి, తేలకుండానే పూల మెప్పులోకి జారిపోతుంది. ఎఫ్. డబ్ల్యు. థామస్ లాంటివాళ్ళు ఇది రాలిపోయిన శ్లోకమే అన్నారు. ఇంకొకరి నాటకంలో ఇంత ఇరుకైన సన్నివేశం ఇదే వరసలో, ఇవే వస్తువులతో కాకతాళీయంగా పడే అవకాశం చాలా తక్కువ కాబట్టి, నాకూ అదే నమ్మకం.

వామనుడి శ్లోకాన్ని కూడా మాట మాటా సరిచూడాలి. వామనుడి దగ్గర ‘శరచ్చంద్రాంశుగౌరేణ’ అని ఉంటే మన పాఠంలో ‘శరచ్ఛశాంకగౌరేణ’ అని ఉంది. తేడా చిన్నదే, దాని విలువ పెద్దది. వామనుడి చేతిలో ఉన్నది వేరే శాఖ ప్రతి అని అది చెప్తుంది. శ్లోకం రెండు శాఖల్లోనూ ఉందంటే శాఖలు చీలకముందే ఉన్నట్టు. అచ్చు వేసేటప్పుడు ఇలాంటి తేడాని ‘సవరించి’ ఒకటి చేసేస్తే ఈ సాక్ష్యం చచ్చిపోతుంది.

అభినవగుప్తుడి ఉదాహరణ మాత్రం ఇంత తేలిగ్గా లొంగదు. స్వప్నవాసవదత్తమనే నాటకంలోదని చెప్పి ధ్వన్యాలోకానికి రాసిన లోచన వ్యాఖ్యలో ఇచ్చిన ‘సంచితపక్ష్మకపాటం నయనద్వారం’ అన్న శ్లోకం: రెప్పల తలుపులు మూసి ఉన్న కంటి వాకిలిని తన రూపంతో తట్టి తెరిచి ఆ రాజకుమారి నా హృదయమనే ఇంట్లోకి వచ్చింది. మన పాఠంలో ఇది లేదు, దిగడానికి గుంట కూడా నాకు కనిపించదు. శైలి కూడా ఈ నాటకపు నిరాడంబరమైన నడకకి దూరం. దీన్ని లెక్కలో ‘వ్యతిరేకం’ కింద వదిలెయ్యాలి. అన్ని ఆధారాలూ ఒకే వైపు చూపించాలని వాటిని వంచకూడదు.

ప్రస్తావన తిరగరాసిందే

సాగరనంది నాటకలక్షణరత్నకోశంలో స్వప్నవాసవదత్తం మొదటిభాగం గురించిన ఉదాహరణ ఒకటుంది. ఈ కేసులో దానికి రావాల్సినంత పేరు రాలేదు. తెర వెనక ‘తప్పుకోండి’ అన్న కేకలు విని సూత్రధారుడు, ‘అయే, కథం తపోవనేఽప్యుత్సారణా’ అని ఆశ్చర్యపడి, వత్సరాజు రాజ్యాన్ని తిరిగి తేవాలనుకుంటున్న మంత్రి యౌగంధరాయణుణ్ణి పద్మావతి మనుషులు తోసేస్తున్నారని చెప్తాడని ఆయన రాశాడు. మన పాఠంలో సన్నివేశం అదే, తపోవనం అదే, కేకలు అవే. కాని సూత్రధారుడి మాటలు వేరు. ఇక్కడ అతను పైన చెప్పిన మూస వాక్యం పలికి, మగధరాజు భటులు తపోవనంలో జనాన్ని తొలగిస్తున్నారన్న శ్లోకం చదివి వెళ్ళిపోతాడు. ఇక్కడ కూడా తోసేస్తున్నారే అన్న ఆశ్చర్యం ఆ తర్వాత ప్రవేశించే యౌగంధరాయణుడి నోట వస్తుంది.

కాబట్టి సాగరనంది చూసిన నాటకం ఇదే, ప్రస్తావన మాత్రం వేరు. కేరళలో ఎవరో ప్రస్తావనని తమ మూసలోకి మార్చుకున్నారు. ఇది ఒప్పుకుంటే రెండు ఫలితాలు వస్తాయి. స్వప్నవాసవదత్తానికి అది మేలు: నడిమి నాటకం పాతదే, చివర్లు మారాయి. మిగతా పన్నెండింటికి అది చేటు: వాటిని స్వప్నవాసవదత్తానికి కట్టిపడేసిన తాడు ఆ మూస ప్రస్తావనే, ఆ తాడు కవి పేనింది కాదు.

భాష, ఛందస్సు: ఏది పట్టుకోవచ్చు, ఏది పట్టుకోకూడదు

చివరి ఆకుల్ని నమ్మలేమని తేలాక నడిమి భాషలో పోలికలు వెతకాలి. పాణినీయం కాని రూపాలు, నేరుగా సాగే చిన్న వాక్యాలు, అనుష్టుప్పు మీద మొగ్గు ఈ నాటకాల్లో కనిపిస్తాయి. 13 నాటకాల పద్యాల్లో దాదాపు అయిదింట రెండు వంతులు అనుష్టుప్పులే. కాళిదాసు, భవభూతి నాటకాల పక్కన పెడితే ఇది చాలా ఎక్కువ. అయితే భారత కథల నాటకాల్లో అనుష్టుప్పు ఎక్కువవడానికి మూలమైన మహాభారతం కూడా కారణమే. వస్తువు వల్ల వచ్చిన లక్షణాన్ని కవి ఖాతాలో వెయ్యకూడదు. కాబట్టి భారత నాటకాలని వేరుగా, ఉదయన కథల్ని వేరుగా లెక్కపెట్టాలి.

ప్రాకృతం దగ్గర మరీ జాగ్రత్త అవసరం. ఈ నాటకాల ప్రాకృతంలో పాత రూపాలున్నాయి. ల్యూడర్స్ 1911లో అచ్చువేసిన, మధ్యాసియాలో దొరికిన అశ్వఘోషుడి నాటక శకలాల్లోని ప్రాకృతంతో పోల్చి, భాసుడు అశ్వఘోషుడికీ కాళిదాసుకీ మధ్యవాడన్నారు. పోలిక మంచిదే, ఎందుకంటే ఆ శకలాలు కుషాణుల కాలపు లిపిలో ఉన్న అసలు ఆకులు. కాని మత్తవిలాసంలోనూ ఆశ్చర్యచూడామణిలోనూ అలాంటి పాత రూపాలే కనిపిస్తాయి. మలయాళ లేఖకులు వాటిని భద్రంగా మోసుకొచ్చారు. అంటే పాత రూపం ఉంటే అది దక్షిణాది ప్రతి అని తెలుస్తుంది, నాటకం పాతదని తెలియదు.

దీనికి తోడు చదవడంలో వచ్చే పొరపాట్లున్నాయి. మలయాళ లిపిలోనూ మన తెలుగు లిపిలోనూ పాత ప్రాకృత గ్రంథాల్లో అక్షరం పక్కన రాసే సున్న అనుస్వారం కాకపోవచ్చు. తర్వాతి హల్లు ద్విత్వమని దాని అర్థం. అసలు అనుస్వారాన్ని అక్షరం నెత్తిన రాస్తారు. ఈ అలవాటు తెలియని చేయి ఎత్తిరాస్తే పదానికి లేని నాసిక్యం వచ్చిపడుతుంది. తర్వాత ఎవరో దాన్ని ‘అపూర్వ ప్రాకృత రూపం’గా పట్టికకెక్కిస్తారు. కాబట్టి అచ్చు పుస్తకంలోని ప్రాకృతం మీద గణాంకాలు కట్టకూడదు. ఆకులో ఏముందో అక్షరానికి అక్షరం ఎత్తిరాసిన పాఠం కావాలి.

ఈ మధ్య కంప్యూటరుతో పద సంఖ్యలు లెక్కించి కర్తని తేల్చే పద్ధతి ప్రచారంలో ఉంది. షేక్‌స్పియర్ నాటకాల్లో ఫ్లెచర్ వాటా విడదీయడంలాంటి చోట్ల అది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే ఫ్లెచర్ ఒక్కడే రాసినవి పోల్చుకోవడానికి బోలెడున్నాయి. భాసుడి విషయంలో నిస్సందేహంగా అతనిదే అనదగ్గ నాటకం ఒక్కటీ లేదు. స్వప్నవాసవదత్తం మొత్తం కలిపి 57 పద్యాలు, రెండో అంకంలో, మూడో అంకంలో పద్యమే లేదు, అంతా ఆడవాళ్ళ ప్రాకృత సంభాషణ. కర్ణభారంలో పద్యాలు పాతిక దాటితే గొప్ప. సంస్కృతాన్నీ ప్రాకృతాన్నీ విడదీసి, పద్యాన్నీ గద్యాన్నీ విడదీసి, సంధులు విప్పాక ఒక్కో భాగంలో మిగిలేది కొన్ని వందల పదాలు. యూరపు భాషల మీద జరిగిన పరీక్షల్లో నమ్మదగిన ఫలితానికి వేలల్లో పదాలు కావలసి వచ్చాయి. ఇంత చిన్న ముక్కల మీద వచ్చే అంకె ఎంత చక్కగా ఉన్నా తీసుకోకూడదు.

నడిమి భాగంలో పనికొచ్చే సాక్ష్యం అరుదైన పాదాలు పంచుకోవడం. ‘కిం వక్ష్యతీతి హృదయం పరిశంకితం మే’ అన్న పాదం స్వప్నవాసవదత్తం ఆరో అంకంలోనూ అభిషేకం నాలుగో అంకంలోనూ ఉంది. ఇలాంటివి నిజమైన బంధుత్వాన్ని చూపిస్తాయి. ఆ బంధుత్వం ఒకే కవిదా, ఒకే మేళానిదా, ఒకరిని చూసి ఒకరు రాయడమా అన్నది పాదం ఒక్కటే చెప్పలేదు.

నాటకం నాటకానికీ విడి తీర్పు

‘13 భాసుడివా కావా’ అన్న ప్రశ్నే తప్పు. కట్టగా దొరికాయి కాబట్టి కట్టగా తీర్పు చెప్పాలని లేదు. మఠంలో ఒక కట్టలో చేరాయంటే తేలేది ఎవరో వాటిని కలిపి రాయించుకున్నారని మాత్రమే.

స్వప్నవాసవదత్తం భాసుడి నాటకమే, కేరళ రంగస్థలానికి సవరించి కొన్ని పద్యాలు పోగొట్టుకున్న రూపంలో. ఇది గట్టిగా చెప్పగలను.

ప్రతిజ్ఞాయౌగంధరాయణం దానికి ముందు కథ. కృత్రిమ ఏనుగుతో ఉదయనుణ్ణి పట్టుకోవడం నమ్మేలా లేదని అలంకారికుడు భామహుడు తప్పుపట్టిన తీరు, ‘వీడు నా అన్నని చంపాడు, నా తండ్రిని, నా కొడుకుని’ అని శత్రువులు విరుచుకుపడే మాటతో సహా, ఈ నాటకం మొదటి అంకానికి దగ్గరగా ఉంది. భామహుడు నాటకం పేరు చెప్పలేదు, ఉదయన కథ బృహత్కథ నుంచి అందరికీ అందినదే. అందువల్ల ‘బహుశా భాసుడిదే’ దగ్గర ఆగుతాను.

చారుదత్తం పరిస్థితి వేరు. నాలుగు అంకాల ఈ నాటకం, పది అంకాల మృచ్ఛకటికంలోని మొదటి నాలుగు అంకాలతో చాలాచోట్ల మాటకి మాట కలుస్తుంది. అక్కడి ఆర్యకుడి రాజ్యవిప్లవం ఇక్కడ లేదు. శర్విలకుడికి బదులు సజ్జలకుడు. సుక్తాంకర్ 1920ల్లో ప్రాకృతం, ఛందస్సు, సన్నివేశాల కూర్పు ఒక్కొక్కటిగా సరిచూసి, పాత పాఠం చారుదత్తానిదని తేల్చారు. ఆయన పనితీరు నేటికీ నమూనాగా తీసుకోదగ్గది, ఎందుకంటే ఆయన అడిగిన ప్రశ్న ‘ఎవరు రాశారు’ అని కాదు, ‘ఏ పాఠం ముందుది’ అని. అది జవాబు దొరికే ప్రశ్న. చారుదత్తం కర్త భాసుడా అన్నదానికి మాత్రం అందులో ఆధారం లేదు.

భారత కథల ఏకాంకాలు ఒక కుటుంబంలా ఉన్నాయి. ఊరుభంగంలో దుర్యోధనుడి చావు గొప్ప రచన. గొప్పగా ఉంది కాబట్టి భాసుడిదే అనడం మాత్రం మనసుకి నచ్చే మాటే గాని ఆధారం కాదు. వీటిని ఉదహరించి భాసుడి పేరు చెప్పిన పాత సాక్ష్యం లేదు. ప్రతిమ, అభిషేకం ఒకే రామకథని రెండు రకాలుగా నడుపుతాయి. అభిషేకం వాల్మీకి వెంట నడుస్తుంది. ప్రతిమలో చనిపోయిన రాజుల విగ్రహాల గృహంలో తండ్రి బొమ్మ చూసి భరతుడికి దశరథుడి మరణం తెలియడం కొత్త కల్పన. ఆ రెండూ ఒకే చేతివని చెప్పడానికి మూస చివర్లు తీసేస్తే చాలా తక్కువే మిగులుతుంది.

పద్నాలుగోదిగా 1941లో గోండల్ నుంచి వచ్చిన యజ్ఞఫలం గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. పండితుల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. ‘భాసుడి లక్షణాలు’ పట్టికలుగా అచ్చయి దాదాపు ముప్పై ఏళ్ళయ్యాక బయటపడ్డ నాటకంలో ఆ లక్షణాలు ఉండడం ఏ రకమైన రుజువూ కాదు.

అచ్చులో ఎలా చూపించాలి

స్వప్నవాసవదత్తానికి కొత్త కూర్పు వేసేవాళ్ళకి నా సూచన ఇది. అట్ట మీద భాసుడి పేరు ఉండనివ్వండి, మిగతా పన్నెండింటి మీద ‘భాసుడికి ఆపాదించినది’ అని రాయండి; ప్రతిజ్ఞకి కావాలంటే పీఠికలో ఒక పేరా ఎక్కువ ఇవ్వండి. స్థాపన మొత్తాన్ని చిన్న అక్షరాల్లో వేసి, కింద సాగరనంది పాఠం ఇవ్వండి. నాలుగో అంకంలో విదూషకుడు పారిజాతపు గుత్తులు చూపించిన చోట గుర్తు పెట్టి, ‘పాదాక్రాంతాని పుష్పాణి’ శ్లోకాన్ని అడుగున వెయ్యండి. మూలంలోకి ఎక్కించొద్దు, ఆకుల్లో అది లేదు. ‘శశాంక’ని ‘చంద్రాంశు’గా దిద్దొద్దు. ‘సంచితపక్ష్మ’ శ్లోకాన్ని ఏ అంకానికీ తగిలించకుండా, స్థానం తెలియనిదని అనుబంధంలో విడిగా ఇవ్వండి.